గోడల ముందు మిల్డ్రెడ్

మా అమ్మ ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకి రేడియో నాటకం వినేది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం నుంచి వచ్చే నాటకం. అందరి భోజనాలూ అయ్యి, గిన్నెలు తోముకుని, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూనో బియ్యంలో రాళ్ళేరుతూనో వినేది. కొన్నిసార్లు కొంగుతో కళ్ళొత్తుకునేది. మా నాన్న పేపరు కాస్త దించి, "అదిగో, మీ అమ్మ మళ్ళీ ఆ పెట్టెలోకి వెళ్ళిపోయింది" అనేవారు. మేం నవ్వేవాళ్ళం. తర్వాత ఇంట్లోకి టీవీ వచ్చింది, సీరియల్స్ వచ్చాయి, నవ్వడానికి మాకు మాటలు పెరిగాయి. చదువుకున్న కూతుర్ని కాబట్టి నేను ఇంకాస్త ముందుకెళ్ళి "ఇదంతా బ్రెయిన్‌వాష్ అమ్మా" అనేదాన్ని. ఆ నాటకంలో ఆవిడకి ఏం వినిపించిందో, ఎక్కడ కళ్ళు చెమర్చాయో మాలో ఎవరం ఒక్కసారీ అడగలేదు.

రే బ్రాడ్‌బరీ నవల ‘ఫారెన్‌హీట్ 451’ ఈమధ్య మళ్ళీ చదువుతుంటే ఆ నవ్వు గుర్తొచ్చి సిగ్గేసింది. 1953లో అమెరికాలో వచ్చిన ఈ భవిష్యత్ నవలని చాలామంది పుస్తకాలు తగలబెట్టే కథగానే గుర్తుపెట్టుకుంటారు. మంటలార్పాల్సిన ఫైర్‌మెన్ అందులో మంటలు పెడతారు. వాళ్ళలో ఒకడైన మాంటాగ్ ఒక పుస్తకం దాచుకుని, చదివి, తిరగబడి, పోలీసులూ యంత్రపు వేటకుక్కా తరుముతుంటే నది దాటి పారిపోతాడు. ఉత్కంఠతో చదివించే కథే. కానీ ప్రభుత్వం పుస్తకాల జోలికి రాకముందే జనం చదవడం మానేశారని అతని పైఅధికారి బీటీ వివరంగా చెబుతాడు. రేడియో, సినిమా, టీవీ, కుదించిన కథలు, ఆలోచించే తీరిక లేని వేగం ముందు మనసుల్ని ఖాళీ చేశాయి, అగ్గిపుల్ల తర్వాత వచ్చింది. అంటే ఇది ప్రధానంగా ప్రసార సాధనాలు మనుషుల మెదళ్ళని ఎలా స్వాధీనం చేసుకుంటాయన్న కథ.

మరి ఆ స్వాధీనమైన మెదడుని మనకి చూపించడానికి రచయిత ఎవర్ని ఎంచుకున్నాడు? మాంటాగ్ భార్య మిల్డ్రెడ్‌ని. మాంటాగ్ మేలుకుంటాడు, ఆమె మేలుకోదు. అతని మెలకువ ఎంత గొప్పదో మనకి తెలియడానికి ఆమె నిద్ర కొలబద్ద.

మిల్డ్రెడ్ ఇంట్లో మూడు గోడలు టీవీ తెరలు. నాలుగో గోడ కూడా కావాలంటుంది. దాని ఖరీదు రెండు వేల డాలర్లు, భర్త ఏడాది జీతంలో మూడో వంతు. తెర మీది మనుషులు ఆమెకి "కుటుంబం", "చుట్టాలు". రాత్రిళ్ళు చెవుల్లో గవ్వల్లాంటి బుల్లి రేడియోలు పెట్టుకుని పడుకుంటుంది. కథ మొదట్లోనే ఆమె సీసాడు నిద్రమాత్రలు మింగుతుంది. డాక్టరైనా రాడు, ఇద్దరు పనివాళ్ళు యంత్రం పట్టుకొచ్చి కడుపూ రక్తమూ కడిగేసి వెళ్ళిపోతారు. తెల్లారాక ఆమెకి ఏమీ గుర్తుండదు, ఆకలేస్తోందంటుంది. ఆమె ఎందుకు మింగిందన్నది నవల తేల్చదు. ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ఇంకో నవల ఉందనిపిస్తుంది నాకు.

ఆమెకి ఒక నాటకంలో వేషం కూడా ఉంది. డబ్బా మూతలు కత్తిరించి పంపితే కంపెనీవాళ్ళు ఒక సంభాషణ ప్రతి పంపిస్తారు. అందులో ఒక పాత్ర మాటలు ఖాళీగా వదిలేసి ఉంటాయి. ఆ పాత్ర గృహిణి. గోడల మీది వాళ్ళు ఏదో అని, నీ అభిప్రాయమేమిటని ఆమె వైపు తిరుగుతారు. ఆమె అనాల్సింది బాగుందని, ఔనని మాత్రమే. మాంటాగ్‌కి ఇది వెర్రిగా కనబడుతుంది. నిజమే, వెర్రే. అయితే ఏ ఇంట్లోనైనా గృహిణికి రాసిపెట్టిన సంభాషణ దీనికన్నా పెద్దదేం కాదు. ఔననే పాత్రని టీవీ కొత్తగా కనిపెట్టలేదు. ఇంట్లో ఉన్నదాన్నే రంగుల్లో తిరిగి చూపించింది. కాకపోతే గోడల మీది వాళ్ళు కనీసం ఆమె వైపు తిరిగి అడుగుతారు.

నవలలో నన్ను బాగా ఇబ్బంది పెట్టిన ఘట్టం ఇంకొకటుంది. మిల్డ్రెడ్ స్నేహితురాళ్ళు టీవీ చూడ్డానికి ఇంటికొస్తారు. మాంటాగ్ టీవీ కట్టేసి వాళ్ళకి మాథ్యూ ఆర్నాల్డ్ కవిత ‘డోవర్ బీచ్’ చదివి వినిపిస్తాడు. వింటూ వింటూ మిసెస్ ఫెల్ప్స్ వెక్కివెక్కి ఏడుస్తుంది. ఆమె భర్తని అప్పుడే యుద్ధానికి పిలిచారు. నిద్రపోతున్నారనుకున్న వాళ్ళలో ఒకామెని కవిత్వం నేరుగా తాకింది. అయినా కథానాయకుడు ఆమె పక్కన కూర్చోడు. ఇదేం పనని తిట్టిన మిసెస్ బౌల్స్ మీద అరుస్తాడు. ఆమె విడాకులు, చచ్చిపోయిన భర్తలు, గర్భస్రావాలు, సిజేరియన్లు అన్నీ ఏకరువు పెట్టి ఇంటికి పొమ్మంటాడు. పుస్తకం చేతికొచ్చిన మగవాడు మొట్టమొదట చేసిన పని ఆడవాళ్ళ శరీరాల చిట్టా విప్పడం! చదువరులుగా మనం అతని పక్షాన ఉంటామని రచయిత నమ్మకం. మొదటిసారి చదివినప్పుడు నేనూ అతని పక్షానే ఉన్నాను.

మిల్డ్రెడ్ బ్రాడ్‌బరీ ఊహలోంచి ఊడిపడలేదు. ఆమెకి ఇరవై ఏళ్ళ ముందు నుంచే ఒక చరిత్ర ఉంది. అమెరికన్ రేడియోలో పగటిపూట ధారావాహికలు 1930లలో మొదలయ్యాయి. వాటికి పునాది వేసిన వాళ్ళలో ఇర్నా ఫిలిప్స్ ముఖ్యురాలు. బడిపంతులమ్మగా పనిచేసిన ఆమె 1930లో షికాగో రేడియో కోసం ‘పెయింటెడ్ డ్రీమ్స్’ రాసింది. దాని హక్కుల కోసం ఆ రేడియో కంపెనీతో కోర్టులో పోరాడి ఓడిపోయింది. 1937లో ఆమె ప్రారంభించిన ‘గైడింగ్ లైట్’ రేడియో నుంచి టీవీకి వెళ్ళి 2009 దాకా, మొత్తం 72 ఏళ్ళు నడిచింది. పెళ్ళి చేసుకోకుండా ఇద్దరు పిల్లల్ని దత్తత తీసుకుని పెంచిన ఈ స్త్రీ రాసిన కథల మధ్య సబ్బుల కంపెనీలు తమ సరుకు అమ్ముకున్నాయి. ‘సోప్ ఒపేరా’ అన్న వెక్కిరింపు అలా పుట్టింది. సబ్బు పెట్టె మూత పంపితే బహుమతి ఇవ్వడం ఆనాటి రేడియో వ్యాపారపు మామూలు ఎత్తుగడే. బ్రాడ్‌బరీ ఆ మూతలనే మిల్డ్రెడ్ చేతిలో పెట్టాడు. 1940 నాటికి రోజుకి అరవైకి పైగా ఇలాంటి ధారావాహికలు ప్రసారమయ్యేవి. వినేవాళ్ళు ఇంటిపనుల్లో ఉన్న లక్షలాది స్త్రీలు.

ఆ స్త్రీల గురించి ఆనాటి మేధావులు మాట్లాడిన తీరు చూడండి. 1942లో ఫిలిప్ వైలీ ‘జెనరేషన్ ఆఫ్ వైపర్స్’ రాశాడు. అమెరికా పతనానికి అతని లెక్కలో ప్రధాన కారణం తల్లులు. కొడుకుల్ని చేతగానివాళ్ళుగా మార్చేదీ, దేశాన్ని చవకబారు భావోద్వేగంలో ముంచేదీ అమ్మలేననీ, రేడియో వాళ్ళ చేతిలో పనిముట్టనీ విరుచుకుపడ్డాడు. ఈ వైలీ మామూలు వ్యాఖ్యాత కాడు, పేరున్న సైన్స్ ఫిక్షన్ రచయిత. లోకం అంతరించే కథ ‘వెన్ వరల్డ్స్ కొలైడ్’ రాసిన ఇద్దరిలో ఒకడు. అదే ఏడాది న్యూయార్క్ మనోవైద్యుడు లూయీ బెర్గ్ ఒక నివేదిక అచ్చేశాడు. ధారావాహికలు వింటే గుండెదడ, జీర్ణకోశ బాధలు, నరాల జబ్బులు వస్తాయన్నాడు. పత్రికలు దాన్ని మహా సంబరంగా వేసుకున్నాయి. తర్వాత తేలిందేమిటంటే, ఆయన ఆ ప్రయోగం చేసుకున్నది తన మీదే. రేడియో ముందు తానే కూర్చుని, తన రక్తపోటు తానే కొలుచుకున్నాడు. అంతమంది స్త్రీల గురించి తీర్పు చెప్పడానికి ఒక్క స్త్రీని పిలవాల్సిన అవసరం కనపడలేదు ఆయనకి.

బ్రాడ్‌బరీని వీళ్ళ సరసన కూర్చోబెట్టాలని నా ఉద్దేశం కాదు. అతను పుస్తకాల్ని ప్రాణంగా ప్రేమించినవాడు, నిషేధాల కాలంలో ధైర్యంగా రాసినవాడు. కానీ అతని నవల పుట్టిన తీరు కూడా కొంత చెబుతుంది. 1947లో అతన్ని పెళ్ళాడిన మార్గరీట్ పుస్తకాల షాపులో పనిచేసేది. పెళ్ళయిన కొత్తలో ఆమె ఉద్యోగం చేసి ఇల్లు నడిపితే అతను ఇంట్లో కూర్చుని రాసుకున్నాడు. బిడ్డ పుట్టాక ఇంట్లో రాయడం కుదరక లాస్ ఏంజెలెస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం నేలమాళిగలో అరగంటకి పది సెంట్లు చొప్పున టైప్‌రైటర్ అద్దెకి తీసుకున్నాడు. తొమ్మిది రోజుల్లో, 9 డాలర్ల 80 సెంట్లతో ‘ది ఫైర్‌మన్’ అనే తొలి రూపం తయారైంది. అది 1951లో ‘గెలాక్సీ’ పత్రికలో వచ్చింది, తర్వాత పెరిగి నవలయింది. ఈ కథని ఎందరో మురిపెంగా చెప్పుకుంటారు. అతను నేలమాళిగలో ఉన్న ఆ తొమ్మిది రోజులూ బిడ్డని ఎవరు చూసుకున్నారన్నది ఆ మురిపెంలో ఉండదు.

1953లో ‘ది నేషన్’ పత్రికలో బ్రాడ్‌బరీ ఒక అనుభవం రాశాడు. అంతకు కొద్ది వారాల ముందే, ఒక రాత్రి బెవర్లీ హిల్స్‌లో కుక్కని తిప్పుతున్న దంపతులు ఎదురయ్యారు. ఆమె చేతిలో చిన్న రేడియో, దాన్నుంచి తీగ చెవిలోకి. మొగుడనేవాడు పక్కనున్నా లేనట్టే, నిద్రలో నడుస్తున్నట్టు నడిచిపోతోంది. కాలిబాట అంచుల దగ్గర అతను చెయ్యిపట్టి ఎక్కించి దించుతున్నాడు. నాలుగైదు దశాబ్దాల తర్వాతి లోకాన్ని ఊహించాననుకుంటే అది కళ్ళెదుటే ఉందని బ్రాడ్‌బరీ నివ్వెరపోయాడు. పరిశీలన పదునైనదే. కాకపోతే ఆ వీధిలో నిలబడి చూస్తున్న మగవాడికి ఆమె చెవిలో ఏం వినపడుతోందో తెలీదు. రోజంతా ఎవరెవరి మాటలు విన్నాక ఆమె ఆ తీగ చెవిలో పెట్టుకుందో కూడా తెలీదు.

అదే కాలంలో, అదే దేశంలో, ఆ స్త్రీలని నిజంగానే అడిగిన మనిషి ఒకామె ఉంది. పేరు హెర్టా హెర్జోగ్. 1910లో వియన్నాలో పుట్టి, అక్కడే మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ చేసి, 1935లో అమెరికా వచ్చి, రేడియో పరిశోధన బృందంలో చేరింది. 1938 అక్టోబరు 30 రాత్రి ఆర్సన్ వెల్స్ ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’ని వార్తల రూపంలో ప్రసారం చేశాడు. అంగారకవాసులు న్యూజెర్సీలో దిగారని జనం నిజంగా నమ్మి వీధుల్లో పడ్డారని మర్నాడు పత్రికలు హోరెత్తించాయి. మాస్ మీడియా మెదళ్ళని ఆడిస్తుందనడానికి నేటికీ చెప్పే మొదటి ఉదాహరణ ఇదే. ఆ భయం పత్రికలు చెప్పినంత విస్తృతంగా లేదని తర్వాతి చరిత్రకారులు చూపించారు. ఆ రోజుల్లో మాత్రం హెర్జోగ్ వెంటనే శ్రోతల్ని కలిసి మాట్లాడింది. 135 మందితో జరిపిన ఇంటర్వ్యూలు 1940లో పుస్తకంగా వచ్చాయి. భయపడ్డవాళ్ళలో చాలామంది ప్రసారం మధ్యలో రేడియో పెట్టినవాళ్ళు. కొందరైతే అంగారకుణ్ణి తలవనే లేదు, జర్మనీ దండెత్తిందనుకున్నారు. అంతకు నెల ముందు మ్యూనిక్ సంక్షోభం. పాటల మధ్యలో యుద్ధ వార్తలు తెగిపడటానికి వాళ్ళ చెవులు అలవాటుపడి ఉన్నాయి. అడిగితే భయానికి అర్థం దొరికింది. ఆ పుస్తకం మీద రచయితగా హాడ్లీ కాంట్రిల్ పేరుంది. హెర్టా హెర్జోగ్, హేజల్ గాడెట్ పేర్లు "సహకారంతో" అన్న మాట పక్కన ఉన్నాయి. ఆ "సహకారం" అనే మాట ఎంత బరువు మోస్తుందో మనకి తెలీనిది కాదు.

తర్వాత హెర్జోగ్ ధారావాహికలు వినే వంద మంది న్యూయార్క్ స్త్రీలతో విడివిడిగా మాట్లాడి 1941లో ఒక వ్యాసం ప్రచురించింది. ఏడవడానికి ఒక అవకాశం దొరుకుతుందని కొందరన్నారు. తమకి లేని జీవితాన్ని కాసేపు ఊహించుకుంటామని కొందరు, భర్తతో, పిల్లలతో, అత్తవారితో ఎలా నెట్టుకురావాలో నేర్చుకుంటామని ఇంకొందరు చెప్పారు. ఆమె వాళ్ళని ఆకాశానికెత్తలేదు. అరువు తెచ్చుకున్న అనుభవంతో అసలు కష్టం తీరదని విమర్శించింది కూడా. 1944లో ఇంకా పెద్ద సర్వేల ఆధారంగా వినేవాళ్ళనీ విననివాళ్ళనీ పోల్చింది. సమాజానికి దూరమై ఒంటరిగా మిగిలిన స్త్రీలే ఇవి వింటారన్న అంచనాకి ఆధారం దొరకలేదు. మిల్డ్రెడ్ పుట్టడానికి తొమ్మిదేళ్ళ ముందే ఆమెకి జవాబు అచ్చయి ఉందన్నమాట.

ఇక్కడ ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. హెర్జోగ్ 1943లో మెకాన్ ఎరిక్సన్ అనే వాణిజ్య ప్రకటనల సంస్థలో చేరి అందులో పైస్థాయికి ఎదిగింది. స్త్రీలని ఓపికగా వినే నేర్పు సరుకు అమ్మే నేర్పుగా మారింది. మార్కెట్ మన మాట వినడం ఎంత శ్రద్ధగా నేర్చుకుందో, ఇంటి మగవాళ్ళూ మేధావులూ అంత శ్రద్ధ చూపలేదు. మీడియాకి బలం లేదని నేననడం లేదు. ఆ బలం ఎక్కణ్ణుంచి వస్తుందన్నదే నా ప్రశ్న. ఎవరూ వినని మనిషిని వింటున్నట్టు నటించినా చాలు, ఆ మనిషి తలుపు తీస్తుంది. ఉద్యోగం వదిలాక, 1980లలో, హెర్జోగ్ మళ్ళీ జర్మనీలో ‘డల్లస్’ సీరియల్ ప్రేక్షకుల్ని ఇంటర్వ్యూ చేసింది. 2010లో తొంభై తొమ్మిదేళ్ళ వయసులో చనిపోయింది.

మిల్డ్రెడ్ నిద్రమాత్రల సంగతికి వస్తాను. అమెరికాలో 1950లో నూటికి తొమ్మిది ఇళ్ళలో ఉన్న టీవీ 1955 నాటికి నూటికి అరవై నాలుగిళ్ళకి చేరింది. యుద్ధకాలంలో ఫ్యాక్టరీల్లో పనిచేసిన స్త్రీలని యుద్ధం ముగిశాక వంటిళ్ళకి తిరిగి పంపించిన కాలం కూడా అదే. 1957లో బెట్టీ ఫ్రీడన్ తనతో కాలేజీలో చదివిన స్త్రీలకి ప్రశ్నావళి పంపింది. వచ్చిన జవాబుల్లోంచి 1963లో ‘ది ఫెమినైన్ మిస్టిక్’ వచ్చింది. సుఖంగా ఉన్నట్టు కనపడే ఇళ్ళలో పేరులేని వేదన, దానికి డాక్టర్లిచ్చే మత్తుమాత్రలు అందులో ఉన్నాయి. ఆ స్త్రీల పరిమితి మనకి తెలుసు, వాళ్ళు తెల్లజాతి మధ్యతరగతి వాళ్ళు. అయినా బ్రాడ్‌బరీ పదేళ్ళ ముందే చూసిన జబ్బు ఇదే. లక్షణాలు కచ్చితంగా రాశాడు, కారణం మాత్రం గోడ మీద వెతికాడు. ఆ ఇంట్లో ఆమెకి చేయడానికి ఏ పనీ లేకపోవడం, మాట్లాడటానికి మనిషి లేకపోవడం కారణాల జాబితాలోకి రాలేదు.

తర్వాతి చరిత్ర కూడా మిల్డ్రెడ్‌ని కరుణించలేదు. 1954లో ఈ నవల ధారావాహికగా వచ్చింది కొత్తగా మొదలైన ‘ప్లేబాయ్’ పత్రికలో. ఆలోచనా స్వేచ్ఛ కోసం రాసిన నవల ఆడవాళ్ళ నగ్న చిత్రాల పక్కన అచ్చయినందుకు ఆశ్చర్యపడ్డవాళ్ళు తక్కువ. 1966లో ఫ్రాంస్వా త్రుఫో సినిమా తీసినప్పుడు భార్య పాత్రనీ, మాంటాగ్‌ని మేల్కొలిపే అమ్మాయి క్లరిస్ పాత్రనీ జూలీ క్రిస్టీ చేతే వేయించాడు. నిద్రపోయే ఆడదీ నిద్రలేపే ఆడదీ ఒకే ముఖంతో కనబడేసరికి, తేడా వాళ్ళ స్వభావంలో కాదు, వాళ్ళకి దొరికిన జీవితంలో ఉందేమోనన్న అనుమానం ప్రేక్షకులకి కలుగుతుంది. ఆ మాత్రం అవకాశమైనా ఇచ్చిన ఏకైక రూపం అది. 2018లో మళ్ళీ తీసిన సినిమాలో భార్య పాత్రనే తీసేశారు.

నవల చివర్లో మాంటాగ్ అడవిలో కొందరు మగవాళ్ళని కలుస్తాడు. ఒక్కొక్కరూ ఒక్కో పుస్తకాన్ని కంఠస్థం చేసి మోస్తున్నారు. నగరం మీద బాంబులు పడతాయి. ఏదో హోటల్ గదిలో తెర ముందు కూర్చున్న మిల్డ్రెడ్‌ని మాంటాగ్ ఊహించుకుంటాడు. తెర ఆరిపోయిన ఆఖరి క్షణంలో ఆ నల్లటి గాజులో ఆమెకి తన ముఖం తనకే కనబడిందని అనుకుంటాడు. ఆమె చావు కూడా అతని ఊహే.

అక్షరాలు దక్కకపోయినా కావ్యాల్ని నోట మోసినవాళ్ళంటే మనకి గుర్తొచ్చేది గడ్డం పెంచిన ప్రొఫెసర్లు కాదు. దంచుతూ, విసురుతూ, ఊయలలూపుతూ మన నాయనమ్మలూ అమ్మమ్మలూ మోశారు. వాళ్ళు మోసిన వాటిల్లో ‘ఊర్మిళాదేవి నిద్ర’ ఒకటి. పద్నాలుగేళ్ళు నిద్రపోయిన ఊర్మిళ, లక్ష్మణుడొచ్చి లేపగానే ఔనని తలూపదు. పరాయి మగవాడనుకుని, పరస్త్రీల జోలికి వెళ్ళినవాళ్ళ గతేమైందో గుర్తుచేస్తూ నిలదీస్తుంది. నిద్రపోయిన ఆడదానికి లేచాక ఏం మాట్లాడాలో ఇచ్చిన పాట అది, ఆడవాళ్ళు కట్టుకుని ఆడవాళ్ళే పాడుకున్న పాట. మిల్డ్రెడ్‌కి అలాంటి పాట కట్టినవాళ్ళు లేరు.

పైనుంచి వచ్చిన మాటని ఆడవాళ్ళు ఉన్నదున్నట్టు మింగుతారన్న నమ్మకాన్ని మన నెల్లూరు జిల్లా కూడా ఒకసారి తలకిందులు చేసింది. అక్షరాస్యత ఉద్యమంలో ప్రభుత్వం ఇచ్చిన వాచకాలు పట్టుకుని రాత్రిబడుల్లో కూర్చున్న స్త్రీలు, సారా గురించిన పాఠాన్ని తమ జీవితాలకి అన్వయించి చదివారు. 1992లో దూబగుంటలో మొదలై జిల్లాలు దాటి, సారా దుకాణాలు మూయించారు. సారా మీద ఆదాయం పొందుతున్న ప్రభుత్వమే 1993 అక్టోబరు 1 నుంచి సారాని నిషేధించాల్సి వచ్చింది. పుస్తకం అచ్చేసిన వాళ్ళు ఊహించని అర్థాన్ని చదివిన వాళ్ళు తీశారు. వాళ్ళు దాన్ని ఒంటరిగా చదవలేదు, పదిమంది కూర్చుని మాట్లాడుకుంటూ చదివారు. మిల్డ్రెడ్, మిసెస్ ఫెల్ప్స్, మిసెస్ బౌల్స్ కూడా ఒక గదిలో కలిసి కూర్చున్న వాళ్ళే. ఏడుపొచ్చిన క్షణంలో వాళ్ళ మీద అరవకుండా ఎవరైనా కాసేపు ఆగి ఉంటే ఆ గదిలో ఏం జరిగేదో!

పోయిన సంక్రాంతికి అమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు ఈ నవల కథ మొత్తం చెప్పాను. విని, "ఆ పిల్ల మాత్రలెందుకు మింగిందట?" అంది. పుస్తకంలో లేదన్నాను. అప్పుడు అడిగాను, ఆ ఆదివారం నాటకాలకి ఎందుకేడ్చేదానివమ్మా అని. కొంచెం సేపు ఆలోచించింది. "అన్నీ అంత మంచి నాటకాలు కాదే. ఊరికే ఏడిస్తే ఎందుకేడుస్తున్నావని మీ నాన్న గొడవ. నాటకం వింటూ ఏడిస్తే అడిగేవారు కాదు" అంది.

ఎందుకేడ్చేదానివని మళ్ళీ అడిగాను. చెప్పడానికి ఆ మధ్యాహ్నమంతా పట్టింది.